గ్రంథప్రయోజనం – పాఠకుని అధికారం: మూడు సాధనగ్రంథాల ఆధారంగా ఒక విచారణ

ఉపోద్ఘాతం

భారతీయ శాస్త్ర వాఙ్మయంలో గ్రంథారంభాన నాలుగు ప్రశ్నలకు సమాధానం చెప్పడం సంప్రదాయం. ఇందులో విషయమేమిటి? ప్రయోజనమేమిటి? గ్రంథానికీ విషయానికీ సంబంధమేమిటి? దీన్ని చదవడానికి అధికారి ఎవరు? అనుబంధ చతుష్టయమని పేరొందిన ఈ నాలుగింటిలో మొదటి మూడింటిని ఆధునిక విమర్శ వేర్వేరు పేర్లతో స్వీకరించింది. నాలుగోదాన్ని దాదాపు విడిచిపెట్టింది. అందుకు కారణం లేకపోలేదు. అధికారి అన్న మాట ఈ దేశంలో ఎంతోమందిని చదువుకు దూరంగా ఉంచడానికి ఉపకరించింది. పుట్టుకను బట్టి అధికారాన్ని నిర్ణయించిన పద్ధతిని తిరస్కరించడం న్యాయం. అయితే ఆ తిరస్కారంతో పాటు మరొక ప్రశ్న కూడా మరుగున పడింది. ఒక గ్రంథం తన పాఠకుని నుంచి కొంత ఆచరణను కోరవచ్చునా? కోరితే, ఆచరించకుండా చదివినవాడు దాన్ని చదివినట్టేనా?

ఈ ప్రశ్నను పరిశీలించడానికి పరస్పర సంబంధం లేనట్టు కనిపించే మూడు గ్రంథాలను ఈ వ్యాసం స్వీకరిస్తున్నది. మొదటిది గణిత సమస్యల సాధన గురించి జార్జ్ పోయా రాసిన 'హౌ టు సాల్వ్ ఇట్' (1945). రెండోది ఫ్రాన్సిస్కన్ మఠాచార్యుడు బొనవెంతూర లాటిన్‌లో రచించిన 'ఇతినెరారియుమ్ మెంతిస్ ఇన్ దేవుమ్' (1259), అంటే దైవం వైపు మనస్సు సాగించే యాత్ర. మూడోది 1884లో కజాన్‌లో ముద్రితమై, ఆంగ్లానువాదం ద్వారా 'ది వే ఆఫ్ ఎ పిల్‌గ్రిమ్' అన్న పేరుతో ప్రసిద్ధమైన రష్యన్ యాత్రికుని కథనం. మూడూ జ్ఞానాన్ని అందించడంతో తృప్తి పడవు. ఒక పని చేయమంటాయి. అందుకే వీటిని సాధనగ్రంథాలని వ్యవహరిస్తున్నాను.

ప్రశ్నలే పాఠంగా గల గ్రంథం

పోయా (1887–1985) బుడాపెస్ట్‌లో జన్మించి, జ్యూరిక్‌లో బోధించి, తరువాత అమెరికాలో స్థిరపడిన గణితవేత్త. 1925లో గాబొర్ సెగోతో కలిసి వెలువరించిన విశ్లేషణ గణిత సమస్యల సంపుటాల్లో ఆయన సమస్యలను విషయాన్ని బట్టి కాక, సాధించే పద్ధతిని బట్టి అమర్చాడు. ఆ దృష్టే 1945 నాటి చిన్న పుస్తకంలో సామాన్య పాఠకుని దాకా వచ్చింది. సమస్యను అర్థం చేసుకోవడం, ఉపాయాన్ని ఆలోచించడం, దాన్ని అమలు చేయడం, వెనుదిరిగి చూడడం అనే నాలుగు దశలు దాని సారం.

ఈ నాలుగు దశలను కంఠస్థం చేయడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ కంఠస్థం చేసినవాడికి ఏ సమస్యా లొంగదు. పోయా స్వయంగా ఎన్నుకున్న ఉదాహరణనే చూద్దాం. ఒక పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు తెలుసు. ఒక మూల నుంచి ఎదురు మూలకు గల కర్ణం పొడవు కావాలి. కొలతలు 3, 4, 12 అనుకుందాం. చిక్కుబడ్డ విద్యార్థికి ఉపాధ్యాయుడు సూత్రం చెప్పడు. దీనిని పోలిన తేలికైన సమస్య ఏదైనా తెలుసునా అని అడుగుతాడు. విద్యార్థికి లంబకోణ త్రిభుజం స్ఫురిస్తుంది. అడుగు భాగపు కర్ణం 5 అని తేలుతుంది. ఆ 5నూ ఎత్తు 12నూ భుజాలుగా తీసుకుంటే మరో లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది, కర్ణం 13. ఇక్కడ విద్యార్థికి దక్కింది 13 అన్న సంఖ్య మాత్రమే కాదు. తనకు తెలిసినదాన్ని తెలియనిదాని వైపు తిప్పుకోవడం తెలిసింది. ఉపాధ్యాయుడు ఎక్కువ సాయం చేస్తే విద్యార్థికి పని మిగలదు. తక్కువ చేస్తే అడుగు పడదు. ఈ మితం పోయా బోధనా దృష్టికి పునాది.

ఈ గ్రంథంలో ఉపాధ్యాయుని ప్రశ్నలు క్రమంగా విద్యార్థి తనను తాను వేసుకునే ప్రశ్నలు కావాలన్నది ఉద్దేశం. అది చదవడం వల్ల జరగదు, సమస్యలతో కుస్తీ పట్టడం వల్లనే జరుగుతుంది. 1985లో 'మేథమాటికల్ ప్రాబ్లమ్ సాల్వింగ్' రాసిన అలన్ షోన్‌ఫెల్డ్ ఈ పరిమితినే శాస్త్రీయంగా చర్చించాడు. ఉపాయాల జాబితా తెలిసినంత మాత్రాన చాలదు. ఏ ఉపాయాన్ని ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు విడవాలో గమనించుకునే ఆత్మనియంత్రణ కావాలి. గణితం గురించి విద్యార్థికి గల నమ్మకాలు కూడా ఫలితాన్ని శాసిస్తాయి. పోయా సైతం 1954 నాటి 'మేథమాటిక్స్ అండ్ ప్లాసిబుల్ రీజనింగ్'లో ఊహను పరీక్షించేవాడికి అవసరమైన నైతిక గుణాలను పేర్కొన్నాడు: నమ్మకాన్ని సవరించుకునే ధైర్యం, విరుద్ధమైన ఆధారం కనిపించినప్పుడు దాన్ని ఒప్పుకునే నిజాయితీ, తగిన కారణం లేనిదే నమ్మకాన్ని మార్చుకోని నిగ్రహం. గణిత గ్రంథం నీతిని ప్రస్తావించడం యాదృచ్ఛికం కాదు. సాధన ఉన్నచోట సాధకుని శీలం ప్రశ్నలోకి రాక తప్పదు.

తనను తాను దాటమనే గ్రంథం

అస్సీసీ ఫ్రాన్సిస్‌కు గ్రంథాల మీద అనుమానం ఉండేది. కీర్తనల గ్రంథం సొంతంగా కావాలని అడిగిన ఒక కొత్త సన్న్యాసిని ఆయన వారించిన వృత్తాంతం ఆ సంప్రదాయంలో ప్రసిద్ధం. ఇవాళ కీర్తనల గ్రంథం దొరికితే రేపు మరింత పెద్ద ప్రార్థన గ్రంథం కావాలనిపిస్తుంది, ఆ తరువాత పీఠం మీద కూర్చుని ఆ గ్రంథం తెచ్చిపెట్టమని తోటి సోదరుణ్ణి ఆజ్ఞాపించాలనిపిస్తుంది అని ఆయన మాటల సారాంశం. గ్రంథం ఆస్తి అవుతుందనీ, ఆస్తి అధికారంగా మారుతుందనీ ఆయన భయం. అయితే అదే ఫ్రాన్సిస్ పాదువా ఆంటొనీకి రాసిన చిన్న లేఖలో సోదరులకు వేదాంతం బోధించడానికి సమ్మతించాడు. ఆ అధ్యయనం ప్రార్థనాభావాన్ని ఆర్పివేయకూడదన్నది ఒక్కటే నియమం. కాబట్టి ఆయన నిషేధించింది చదువును కాదు, చదువును సొత్తుగా చేసుకోవడాన్ని.

ఈ భయానికీ ఈ సమ్మతికీ నడుమ నిలబడవలసి వచ్చినవాడు బొనవెంతూర. పారిస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన 1257లో మఠసంప్రదాయానికి సర్వాధిపతి అయ్యాడు. పేదరికాన్ని వ్రతంగా స్వీకరించిన ఒకని అనుచరగణం అప్పటికే పండితుల సంఘంగా మారుతోంది. 1226లో ఫ్రాన్సిస్ మరణించిన 33 ఏళ్లకు, ఆయనకు ఆరు రెక్కల దేవదూత దర్శనమిచ్చిందని చెప్పే లా వెర్నా కొండ మీదికి బొనవెంతూర వెళ్లాడు. అక్కడే 'ఇతినెరారియుమ్' రూపుదిద్దుకుంది.

దూత రెక్కలు ఆరు, గ్రంథంలోని మెట్లూ ఆరు. మొదటి రెండు ఇంద్రియగోచర జగత్తులో దైవపు అడుగుజాడలను చూపుతాయి. తరువాతి రెండు మనస్సును దైవానికి ప్రతిబింబంగా పరిశీలిస్తాయి. చివరి రెండు దైవాన్ని సత్తగా, శ్రేయస్సుగా ధ్యానిస్తాయి. ఈ మెట్లు ఎక్కడానికి అరిస్టాటిల్, అగస్టీన్ పరిచయం ఉన్న పాఠకుడు కావాలి. ఇంతటి పాండిత్యాన్ని కోరిన గ్రంథం ఏడో అధ్యాయంలో బుద్ధివ్యాపారాన్నే పక్కన పెట్టమంటుంది. మిగిలేది ప్రేమ, మౌనం. పీఠికలోనే బొనవెంతూర ఒక హెచ్చరిక చేశాడు: భక్తి లేని పఠనం, వినయం లేని జ్ఞానం చాలునని అనుకోవద్దు. హడావుడిగా కాక నెమరువేస్తూ చదవమన్నాడు.

బొనవెంతూర ఫ్రాన్సిస్ ఆదర్శాన్ని కాపాడాడా, పండితుల చేతికి అప్పగించాడా అన్నది ఆ సంప్రదాయంలో చాలాకాలంగా వాదగ్రస్తమైన విషయం. నా దృష్టిలో ఆయన సమాధానం గ్రంథనిర్మాణంలోనే ఉంది. కొత్త సన్న్యాసి పట్ల ఫ్రాన్సిస్ భయం గ్రంథం చేతిలో ఉండిపోతుందన్నది. చివరి అధ్యాయంలో తనను తాను విడిచిపెట్టమనే గ్రంథం సొత్తు కావడానికి నిరాకరిస్తుంది. ఏడో అధ్యాయాన్ని కూడా కంఠస్థం చేసి ప్రదర్శించేవాణ్ణి మాత్రం ఏ నిర్మాణమూ ఆపలేదు. అక్కడ బాధ్యత గ్రంథకర్త నుంచి పాఠకునికి మారుతుంది.

సంఖ్యతో మొదలై సంఖ్యను విడిచే సాధన

రష్యన్ యాత్రికునికి 33 ఏళ్లు, ఒక చేయి పనిచేయదు, సంచిలో ఎండు రొట్టె, బైబిల్. నిరంతరం ప్రార్థించమన్న పౌలు ఉపదేశం చర్చిలో విని, అది ఎలా సాధ్యమని అడుగుతూ బయలుదేరుతాడు. ప్రార్థన గొప్పతనం గురించి ఉపన్యాసాలు విన్నాడు గాని, ఎలా చేయాలో ఎవరూ చెప్పలేదు. చివరికి ఒక స్తారెత్స్, అంటే వృద్ధ సన్న్యాసి గురువు, ఆయనకు యేసు నామప్రార్థనను ఉపదేశిస్తాడు. రోజుకు 3000 సార్లు, తరువాత 6000, ఆపైన 12000. ఆ తరువాత లెక్క ఉండదు. సంఖ్య ఇక్కడ ఫలం కాదు, ఊతకర్ర.

గురువు చూపిన గ్రంథం 'ఫిలొకాలియా'. నికొదిమోస్, మకారియోస్ కూర్చిన ఈ గ్రీకు సంకలనం 1782లో వెనిస్‌లో అచ్చయింది. పైసీ వెలిచ్‌కోవ్‌స్కీ స్లావిక్ అనువాదం 1793లో వెలువడింది. గురువు మరణించాక యాత్రికుడు తోట కాపలా కాసి సంపాదించిన రెండు రూబుళ్లతో అరిగిపోయిన ప్రతి ఒకటి కొంటాడు. చదివితే గందరగోళం. అప్పుడు కలలో గురువు కనిపించి, అచ్చులో ఉన్న వరుసలో కాక ఏ భాగం ముందు, ఏ భాగం తరువాత చదవాలో చెబుతాడు. ఈ ఘట్టం మన ప్రశ్నకు కీలకం. గ్రంథం అదే, అక్షరాలు అవే. పాఠకుని స్థితికి తగిన క్రమం గ్రంథంలో లేదు, గురువు దగ్గర ఉంది.

రష్యన్ ఆధ్యాత్మిక సంప్రదాయంలో 'ప్రెలెస్త్' అనే భావన ఉంది. తాను సిద్ధి పొందానని సాధకుడు తనను తాను నమ్మించుకునే భ్రమ అది. 19వ శతాబ్దంలో ఇగ్నాతీ బ్రియాంచనీనోవ్ దీని గురించి తీవ్రంగా హెచ్చరించాడు. గణితంతో ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం తేలుతుంది. పెట్టె కర్ణం 14 అని నమ్మినవాణ్ణి కొలబద్ద సరిదిద్దుతుంది. తన ప్రార్థన సిద్ధించిందని నమ్మినవాణ్ణి సరిదిద్దే కొలబద్ద బయట లేదు. అందువల్ల బాహ్యపరీక్షకు నిలిచే విద్యలో గ్రంథం చాలావరకు ఒంటరి పాఠకునికి ఉపకరిస్తుంది. అటువంటి పరీక్ష లేనిచోట గురువో, సంఘమో, ఆచరణలో కనిపించే వినయమో ఆ స్థానాన్ని భర్తీ చేయాలి. అధికారి అన్న భావనకు పుట్టుకతో నిమిత్తం లేని అర్థం ఇక్కడ లభిస్తుంది. ఆత్మవంచనను పట్టుకోగల ఏర్పాటు ఉన్నవాడే అధికారి.

ఈ రెండు విద్యలు ఒకే జీవితంలో కలిసిన సందర్భాలూ ఉన్నాయి. పావెల్ ఫ్లొరెన్‌స్కీ 1904లో మాస్కో విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి, వేదాంతం చదివి మతాచార్యుడయ్యాడు. పన్నెండు లేఖల రూపంలో ఉన్న ఆయన ప్రధాన గ్రంథం 'సత్యస్తంభం, ఆధారం' 1914లో వచ్చింది. దైవనామంలో దైవమే ఉన్నదని వాదించిన సన్న్యాసులను 1913లో రష్యన్ నౌకలు ఆథోస్ పర్వతం నుంచి బలవంతంగా తరలించినప్పుడు, ఆ వాదాన్ని సమర్థించినవారిలో ఫ్లొరెన్‌స్కీ ఒకడు. గణితవేత్త ద్మీత్రీ యెగొరోవ్‌కూ ఆ సానుభూతి ఉండేది. నామసాధనకూ సమితివాదంలో అనంత సమితులకు పేరు పెట్టే ధైర్యానికీ సంబంధం ఉందని లొరెన్ గ్రాహమ్, జాన్-మిషెల్ కాంతోర్ 2009లో వాదించారు. ఆ ప్రభావాన్ని ఎంతవరకు అంగీకరించాలన్నది చర్చనీయం. చర్చకు అతీతమైనది వారు చెల్లించిన మూల్యం. అరెస్టయిన యెగొరోవ్ 1931లో కజాన్‌లో మరణించాడు. ఫ్లొరెన్‌స్కీని 1937లో కాల్చి చంపారు.

బయటి పాఠకుని ప్రశ్న

ఇంతవరకు చెప్పినదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఆచరించనివాడికి చదివే హక్కు లేదంటే సాహిత్య పరిశోధనకే తావు ఉండదు. క్రైస్తవుడు కానివాడు బొనవెంతూరను, గణితవేత్త కానివాడు పోయాను చదవకూడదా? పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ గ్రంథాన్ని ఇవాళ లెక్కలు చేయడానికి చదివేవారి కంటే, భాషా చరిత్ర కోసం చదివేవారే ఎక్కువ. వారి పఠనం వ్యర్థమనడం సాహసం.

ఈ ఆక్షేపణకు సమాధానంగా జిజ్ఞాసకూ సంగ్రహేచ్ఛకూ గల భేదాన్ని గుర్తించాలి. జిజ్ఞాసువు గ్రంథం ఏమి కోరుతున్నదో తెలుసుకుంటాడు. తాను దాన్ని నెరవేర్చలేదన్న సంగతి కూడా తెలిసే ఉంటాడు. సంగ్రాహకుడు గ్రంథం పేరును, పరిభాషను, గౌరవాన్ని తీసుకుని, అది కోరిన పనిని మాత్రం విడిచిపెడతాడు. జె. డి. శాలింజర్ 'ఫ్రానీ అండ్ జూయీ' (1961)లో యాత్రికుని కథనాన్ని పట్టుకుని నామప్రార్థన మొదలుపెట్టిన యువతిని ఆమె అన్న నిలదీస్తాడు. ఆధ్యాత్మిక సంపదను ఆశించడం డబ్బును ఆశించడం కంటే ఏ విధంగా వేరని ఆయన ప్రశ్న. కొత్త సన్న్యాసిని ఫ్రాన్సిస్ అడిగిందీ అదే. ఆచరించేవారిలో కూడా సంగ్రాహకులు ఉండవచ్చునని ఈ ఉదాహరణ చెబుతుంది. కాబట్టి విభజనరేఖ లోపలివారికీ బయటివారికీ మధ్య లేదు.

పరిశోధకునికి ఇందులో ఒక బాధ్యత ఉంది. ఉటంకింపుల సంఖ్యే పాండిత్యానికి కొలమానమయ్యే వాతావరణంలో గ్రంథాలు సులభంగా సొత్తుగా మారతాయి. ఆచరణను వర్ణించడం ఆచరించడంతో సమానమన్నట్టు రాయకుండా ఉండడం, పరిశోధకుడు పాటించదగిన వినయం. దీనికి మతవిశ్వాసం అవసరం లేదు, నిజాయితీ చాలు. ఒక సమస్యనైనా సాధించి చూసిన తరువాత పోయా గురించి రాసే వాక్యం వేరుగా ఉంటుంది. అంతమాత్రం పని బయటి పాఠకునికి కూడా సాధ్యమే.

ముగింపు

ఈ విచారణలో తేలిన అంశాలు మూడు. మంచి సాధనగ్రంథం పాఠకునికి పని మిగులుస్తుంది. పోయా ప్రశ్నలు ఇందుకు ఉదాహరణ. అది తన పరిమితిని తానే చెబుతుంది. బొనవెంతూర ఏడో అధ్యాయం ఇందుకు సాక్ష్యం. పాఠకుడు తనను తాను మోసగించుకునే అవకాశాన్ని అది ముందే గుర్తిస్తుంది; యాత్రికునికి గురువు చెప్పిన క్రమం ఇందుకు నిదర్శనం. ఈ మూడు లక్షణాలు గ్రంథంలో ఉండవచ్చు. వాటికి ఫలం మాత్రం పాఠకుని చేతిలో ఉంది. అధికారి ఎవరన్న పాత ప్రశ్నను కులం నుంచి, హోదా నుంచి విడదీసి, గ్రంథం కోరినదానికి నేను సిద్ధమా అని ప్రతి పాఠకుడూ తనను తాను అడుగుకునే ప్రశ్నగా తిరిగి స్వీకరించవలసి ఉంది. సిద్ధం కానివాడు చదవకూడదని దీని అర్థం కాదు. సిద్ధం కాలేదన్న ఎరుకతో చదవాలని మాత్రమే.