ఒప్పుకున్న దెబ్బ

కూలికి శ్రమను అమ్ముకున్న మనిషి ఒంటిని కూడా అమ్ముకున్నట్టేనా? ధర్మశాస్త్రానికీ కార్మిక చట్టానికీ ఇది ఉమ్మడి ప్రశ్న. ఈ కాలంలో దానికి వచ్చిన ఒక జవాబు అమెరికన్ ఫుట్‌బాల్ వేతన ఒప్పందంలో ఉంది. పేరు ఫుట్‌బాలే అయినా, అది బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తేవాణ్ణి ఎదుటివాడు ఒంటితో గుద్ది పడగొట్టే ఆట. 2011లో జట్ల యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం ప్యాడ్లు కట్టుకొని గుద్దుకునే సాధనను సీజన్ మొత్తంలో 14 సార్లకు కుదించింది. అందులో 11 మొదటి 11 వారాల్లో, మిగతా 3 చివరి వారాల్లో జరగాలి. శిక్షణ శిబిరాల్లో రెండు పూటలా గుద్దుకునే ఆచారం కూడా అప్పుడే పోయింది. 2020 ఒప్పందం శిబిరంలో అలాంటి సాధనలను 16కు పరిమితం చేసింది.

ఈ హద్దు వెనక ఒక మరణం ఉంది. పిట్స్‌బర్గ్ జట్టు మాజీ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో, 50 ఏళ్లకే చనిపోయాడు. అతని మెదడును పరీక్షించిన డాక్టర్ బెన్నెట్ ఒమాలు, పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చిన క్షీణతను గుర్తించి 2005లో ప్రచురించాడు. స్పృహ తప్పించే పెద్ద దెబ్బలతో మాత్రమే ఇది వస్తుందని కాదు. ఆటగాడు పట్టించుకోని చిన్న దెబ్బలూ ఏళ్ల తరబడి పోగుపడతాయి. జబ్బు ఖాయంగా తేలేది మరణానంతర పరీక్షలోనే. అంటే ఒప్పుకున్నవాడికి తాను దేనికి ఒప్పుకున్నాడో బతికుండగా పూర్తిగా తెలియదు.

కంటికి కనబడకుండా పోగుపడే హానికి హద్దు గీయడం సికింద్రాబాద్ ఏ.ఎస్. రావు నగర్ ప్రాంతానికి కొత్త కాదు. 1967లో మొదలైన ఈసీఐఎల్ ఉద్యోగుల కోసం వెలసి, ఆ సంస్థ వ్యవస్థాపకుడి పేరు పెట్టుకున్న కాలనీ అది. ఆ చుట్టుపక్కలే అణు ఇంధన సముదాయం ఉంది. రేడియేషన్ మధ్య పనిచేసేవాడి ఛాతీ మీద ఒక బ్యాడ్జి ఉంటుంది, ఒంటికి తగిలిన మోతాదు దానిలో నమోదవుతుంది. అణుశక్తి నియంత్రణ మండలి నియమం ప్రకారం ఆ మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. హద్దు లోపల ఉన్నా సాధ్యమైనంత తగ్గించాలన్నది దానికి తోడు సూత్రం. “ఇంకొంచెం భరిస్తాను, అదనంగా డబ్బులివ్వండి” అని కార్మికుడు అడిగినా కుదరదు. అక్కడ ఒప్పుకోలుకు విలువే లేదు.

ఫుట్‌బాల్ హద్దు అలాంటిది కాదు, అది బేరంలో వచ్చింది. బేరంలో వచ్చినది బేరంలో పోవచ్చు కూడా. 2020లో ఆదాయంలో వాటా పెంపుతో పాటు సీజన్‌కు 17వ ఆటను చేర్చడానికి దారితీసిన ఒప్పందాన్ని ఆటగాళ్లు 1,019 ఓట్లతో ఆమోదించారు. వ్యతిరేకించినవారు 959 మంది. అరవై ఓట్ల తేడాతో ఆ 959 మంది ఒళ్ల మీద కూడా అదనపు దెబ్బలు పడ్డాయి. సంఘం జీతం గురించి మాట ఇవ్వగలదు. మెదడు గురించి ఇవ్వగలదా అన్నదే చిక్కు.

ఏ దెబ్బ తప్పదో, ఏది తప్పించవచ్చో తేల్చడానికి ధర్మశాస్త్రంలో ఒక గీటురాయి ఉంది. జైనులు గృహస్థు హింసను నాలుగు రకాలుగా చూస్తారు. వాటిలో ‘ఉద్యోగీ హింస’ ఒకటి. తెలుగులో ఉద్యోగి అంటే వేరే గానీ, ఇక్కడ దాని అర్థం వృత్తిలో తప్పనిసరైన హింస. దానికి మినహాయింపు ఉంది, తప్పనిసరి కానిదానికి లేదు. ఈ గీటురాయి మీద ఆటలో పడే దెబ్బ ఒకటి, సాధనలో పడే దెబ్బ మరొకటి. మొదటిది లేకపోతే ఆటే లేదు. రెండోదాన్ని చాలావరకు తగ్గించినా ఆట సాగుతుందని 2011 తర్వాతి సీజన్లు చూపాయి. శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో శరీరాన్ని కృశింపజేసేవారిని గీత పదిహేడో అధ్యాయం ఆసురుల్లో లెక్కించింది. కుస్తీ తాలీంలో ఒళ్లు హూనం చేసుకుంటేనే పహిల్వాన్ అనే నమ్మకానికీ ఆ మాట వర్తిస్తుంది.

దీనికి గట్టి ఎదురువాదం ఉంది. వయసొచ్చిన మనిషి ఒంటి మీద నిర్ణయం అతనిదే, పైవాళ్లు హద్దు గీస్తే అతణ్ణి పసివాణ్ణి చేసినట్టేనంటారు. ఈ వాదానికి పెద్ద దిక్కైన జాన్ స్టూవర్ట్ మిల్ కూడా, తనను తాను బానిసగా అమ్ముకునే ఒప్పందం చెల్లదన్నాడు. భారతీయ శిక్షాస్మృతిలోని 87వ సెక్షన్, ఇప్పటి న్యాయ సంహితలో 25వది, సరదాకు కత్తిసాము ఆడుకునే ఇద్దరిని ఉదాహరణగా ఇచ్చి, ఆటలో తగిలే గాయానికి ఒప్పుకోలును అంగీకరించింది. కానీ ప్రాణాపాయం, తీవ్ర గాయం తెలిసి కలిగిస్తే ఆ మినహాయింపు లేదు. 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది: గతిలేక కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకోవడాన్ని రాజ్యాంగం 23వ అధికరణ కింద వెట్టిగానే చూడాలంది. ఆకలి చేయించిన సంతకం స్వేచ్ఛతో పెట్టినది కాదు.

అలాగని రేడియేషన్ పద్ధతే అన్నిటికీ మేలని కూడా కాదు. ఆ హద్దును నిపుణులు గీశారు. ఫుట్‌బాల్ హద్దును దెబ్బలు తిన్నవాళ్లే కొట్లాడి తెచ్చుకున్నారు. ఏ సాధన అనవసరమో వాళ్లకే బాగా తెలుసు. ఏ సంఘమూ అమ్ముకోలేని కనీస రక్షణ చట్టంలో ఉండి, దానిపైన ఎంత తగ్గించుకోవాలన్నది బేరానికి వదిలితే ఈ రెండు పద్ధతులూ పొసగుతాయి. ప్రస్తుత ఒప్పందం 2030 సీజన్‌తో ముగుస్తుంది. ఆ 14, ఆ 16 అప్పుడు మళ్లీ బేరానికి వస్తాయి.