ఆతిథ్యము - ఆడంబరము

గృహస్థునకు శాస్త్రము విధించిన పంచ మహాయజ్ఞములలో మనుష్యయజ్ఞము ఒకటి. ఇంటికి వచ్చినవానిని ఆదరించుటయే ఆ యజ్ఞము. దానికి హోమగుండము అక్కరలేదు, ఋత్విక్కులు అక్కరలేదు. కూర్చుండుటకు ఇంత గడ్డి, నిలుచుటకు చోటు, త్రాగుటకు నీరు, ఒక మంచిమాట - సత్పురుషుల యిండ్లలో ఈ నాలుగింటికి ఎన్నడును కొరత యుండదని మనుస్మృతి మూడవ అధ్యాయములో చెప్పబడినది. ఈ పట్టికను కొంచెము నిదానించి చూడవలెను. ఇందులో పిండివంటలు లేవు. పట్టుబట్టలు లేవు. డబ్బు పెట్టి కొనవలసినది ఒక్కటియు లేదు. కటిక పేదవానికి సైతము సాధ్యపడునట్లుగా పెద్దలు ఈ ధర్మమును నిర్ణయించినారు.

అట్లయినచో ఎవరో తలుపు తట్టగానే మన గుండె ఎందుకు గుభేలుమనుచున్నది? ఇల్లు సర్దలేదే, ఈ బట్టలతోనే యున్నామే, ఈ పూట చారు, పచ్చడి తప్ప మరేమియు లేవే అను కంగారు ఎక్కడినుండి వచ్చినది? వచ్చినవారిపై గౌరవముచేత కలిగినదని మనము అనుకొందుము. నిజముగా అది వారిపై గౌరవమా, మనపై మనకున్న అభిమానమా? ఈ ప్రశ్నను నేను గ్రంథములు చదివి తెచ్చుకొనలేదు.

ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక చిన్న అద్దె యింటిలో నేను, మా అమ్మ ఉండెడివారము. ఒక ఆదివారము మధ్యాహ్నము మా పై అధికారి ఒకరు ఆ దారిని పోవుచు, చెప్పకుండ మా యింటికి వచ్చినారు. పొయ్యిమీద చారు కాగుచున్నది. అమ్మ నేత చీర కొంగు నడుమున దోపుకొని, పసుపు అంటిన చేతులతో, "ఎవరు నాయనా? భోజనాల వేళ వచ్చారు, కాళ్ళకు నీళ్ళియ్యి" అనుచు గుమ్మము దాక వచ్చినది. నేను గబగబ ఎదురు వెళ్ళి, "ఆ చీరతో బయటికి రాకమ్మా, లోపలే ఉండు" అని మెల్లగా అన్నాను. పక్కయింటి కుర్రవానిని హోటలుకు పంపి మిఠాయి, కారబ్బూంది, కాఫీ తెప్పించినాను. ఆయన మర్యాదకు ఒక ముక్క నోట వేసికొని, గడియారము చూచుకొని లేచినారు. వీధి చివరదాక సాగనంపి నేను తిరిగి వచ్చునప్పటికి అమ్మ పెట్టెలో దాచుకొనిన వెంకటగిరి చీర కట్టుకొని నడవలో నిలుచున్నది. "వెళ్ళిపోయారా?" అని మాత్రము అడిగినది. ఆ చీరను మరల మడతపెట్టి పెట్టెలో ఉంచి, నాకు అన్నము వడ్డించినది.

భాగవతము దశమస్కంధములోని కుచేలోపాఖ్యానము తెలుగువారికి క్రొత్తగా చెప్పవలసినది కాదు. కుచేలుడనగా మాసి చినిగిన బట్ట కట్టినవాడు. వేషమే ఆయన పేరై నిలిచినది. ఇల్లాలు ఇరుగుపొరుగులను అడిగి తెచ్చిన నాలుగు పిడికిళ్ళ అటుకులను గుడ్డలో కట్టి యిచ్చినది. ద్వారకలో స్వామి ఆయనను తన శయ్యపై కూర్చుండబెట్టి కాళ్ళు కడిగినాడు, రుక్మిణీదేవి వింజామర వీచినది. ఆ మర్యాదలన్నియు జరిగిన పిమ్మట, నాకేమి తెచ్చితివని స్వామి అడిగినప్పుడు కుచేలుడు సిగ్గుతో తల వంచుకొని మాటలాడలేదు. స్వామియే ఆ మూటను లాగికొని ఒక పిడికెడు తిని, రెండవ పిడికిటికి చేయి చాచినాడు. అప్పుడు రుక్మిణి వారించినది.

ఈ కథ విన్నప్పుడెల్ల నా సిగ్గును కుచేలుని సిగ్గుతో పోల్చుకొని కొంత ఊరట పొందుచుండెడివాడను. అది నిలుచునది కాదని తరువాత తెలిసినది. కుచేలుని సిగ్గు తన చేతిలోని మూటను గురించినది. ఇంతటివానికి ఇంతేనా అన్న సంకోచము అది. ఆ మూట కట్టి యిచ్చిన ఇల్లాలిని గురించి ఆయన సిగ్గుపడలేదు. నా సిగ్గు నాకు అన్నము పెట్టిన మనిషిని గురించినది. రెంటికి ఒకే పేరు పెట్టుట న్యాయము కాదు.

అట్లని ఉన్నదానిలో తక్కువది పెట్టి నిరాడంబరమని చెప్పుకొమ్మని ఎవరును అనరు. నిరాడంబరము వేరు, నిర్లక్ష్యము వేరు. ఉతికి ఆరవేసిన నేతబట్ట, నుదుట బొట్టు, చిమ్మి నీళ్ళు చల్లి ముగ్గు వేసిన వాకిలి - ఇవి ఖర్చుతో వచ్చునవి కావు. అయినను ఈ యింటివారు మేలుకొని యున్నారని వచ్చినవానికి ఇవి తెలుపును. ఇంకొక సంగతి. సాదాతనముతో చేయు ఆడంబరము కూడ ఒకటి కలదు. నేను చారన్నము తప్ప మరేమియు ముట్టనని పదిమందిలో చెప్పుకొనువారిని చూచియున్నాను. వారి యింట అతిథికి చారుకంటె ఉపన్యాసమే ఎక్కువగా వడ్డింపబడును.

రాయబారమునకు వచ్చిన శ్రీకృష్ణుడు దుర్యోధనుని విందును కాదని విదురుని యింట భుజించినాడు. ఒకరి యింట అన్నము తినవలెనన్న పెట్టువానికి ప్రేమ యుండవలెను, లేదా తినువాడు ఆపదలో నుండవలెను, ఇక్కడ రెండును లేవని ఆయన దుర్యోధనునకు చెప్పిన సమాధానము ఉద్యోగపర్వములోనిది. విందులో లోపము లేదు. పెట్టువాని మనస్సులోనే లోపమున్నది.

ఈ విషయములో మనము తరచు మరచునది వేరొకటి కలదు. ఆతిథ్యపు పుణ్యము యజమాని ఖాతాలో పడును, శ్రమ ఇల్లాలి ఖాతాలో పడును. అశ్వమేధపర్వములోని ముంగిస కథను ఈ దృష్టితో చదువవలెను. కురుక్షేత్రములో పొలములలో రాలిన గింజలు ఏరుకొని బ్రతుకు ఒక బ్రాహ్మణుడు, ఆయన భార్య, కొడుకు, కోడలు. కరవు కాలములో ఎట్లో దొరికిన యవలను పిండి చేసి నలుగురు నాలుగు పాళ్ళుగా పంచుకొనినారు. తినబోవు సమయమునకు అతిథి వచ్చినాడు. బ్రాహ్మణుడు తన పాలు ఇచ్చినాడు. అతిథికి ఆకలి తీరలేదు. అప్పుడు ఆయన భార్య పాలును తీసికొని ఇచ్చివేయలేదు. ఆమె తానుగా ముందుకు వచ్చినను, చిక్కి శల్యమైన ఆమెను చూచి పుచ్చుకొనుటకు వెనుకాడినాడు. నాకును ధర్మము కలదు గదా అని ఆమె పట్టుపట్టిన తరువాతనే పుచ్చుకొనినాడు. కొడుకు, కోడలు కూడ అట్లే తమంతట తాము ఇచ్చినారు. వచ్చినవాడు ధర్మదేవత. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిసకు సగము దేహము బంగారమైనది. మిగిలిన సగమునకై ధర్మరాజు చేసిన అశ్వమేధశాలకు వచ్చి పొర్లినను ఫలితము లేకపోయినది.

ఆ యింటిలో ఎవరి పాలు వారే ఇచ్చినారు. ఒకరి పాలు మరొకరు దానము చేయలేదు. వంట ముగించి అప్పుడే నడుము వాల్చిన ఇల్లాలిని లేపి, "పెద్దమనిషి వచ్చినాడు, రెండు పిండివంటలు చేయుము" అను గృహస్థుడు ఇచ్చుచున్నది ఎవరి పాలు? క్రొత్త కోడండ్రకు, బాలికలకు, రోగులకు, గర్భిణులకు అతిథికంటె ముందుగనే, ఆలోచింపక, అన్నము పెట్టవలెనని మనుస్మృతి అదే మూడవ అధ్యాయములో చెప్పినది. అతిథి దేవుడని చాటి చెప్పువారిలో ఈ మాటను ఎత్తువారు అరుదు.

తెలుగిండ్ల వంటలో ఈ చిక్కునకు పరిష్కారము ఎప్పుడో ఏర్పడియున్నది. తిథి చూచుకొని రానివాడు అతిథి అని పెద్దలు చెప్పు వ్యుత్పత్తి. అతనికి తిథి లేకపోవచ్చును గాని ఆవకాయకు వేసవి కలదు. ఎండలు ముదిరినప్పుడు ఆవకాయ, మాగాయ పెట్టి, జాడీ మూతిపై గుడ్డతో వాసెన కట్టి, అటకపై చేర్చెడివారు. మినప వడియములు, గుమ్మడి వడియములు, మజ్జిగలో ఊరవేసి ఎండబెట్టిన మిరపకాయలు, డబ్బాలో కందిపొడి సిద్ధముగా ఉండెడివి. వేళగాని వేళ మనిషి వచ్చినచో ఎసటిలో మరి రెండు గుప్పెళ్ళ బియ్యము, చారులో మరియొక గరిటెడు నీరు, నాలుగు వడియములు వేయించుట, అంతే. పచ్చిపులుసునకు పొయ్యితో పని లేదు. చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, బెల్లపుముక్క వేసి పోపు పెట్టుటయో మానుటయో ఎవరి యిష్టము వారిది. అది తిని ఆకలితో లేచినవారిని నేను చూడలేదు. అతిథి వచ్చునప్పటికి సగము పని ఆరు నెలల క్రిందటనే జరిగియుండును.

ఐదు కూరలు, రెండు పిండివంటలు లేనిదే మనిషిని భోజనమునకు పిలువరాదని పెట్టుకొనిన యింట ఏడాదికి రెండుమార్లు విస్తరులు పరచుకొనును. చారుతో అన్నము పెట్టగలవారికి ప్రతిదినమును వీలే. కోనసీమలో లంకల గన్నవరమునకు చెందిన డొక్కా సీతమ్మగారు (1841-1909) తన యింటి గడప తొక్కినవారికి అన్నము పెట్టుటను జీవితవ్రతముగా చేసికొనినారు. ఒకమారు అంతర్వేది స్వామి దర్శనమునకు పోవుచు దారిలో, ఆకలిగొన్న కొందరు సీతమ్మగారి యింటికి పోయిన అన్నము దొరకునని తమ పిల్లలను ఓదార్చుట విని, ఆమె యాత్ర మాని ఇంటికి తిరిగి వచ్చినారని చెప్పుదురు. అట్లు వేళతో నిమిత్తము లేక వచ్చు జనమునకు పెట్టవలెనన్న అది నిత్యము వండు అన్నమే కావలెను. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినారు. 1985లో తిరుమలలో మొదలైన నిత్యాన్నదానములో కూడ పంక్తిలో కూర్చున్నవారి చీర అంచు చూచి వడ్డించుట లేదు.

ఇప్పటి యిండ్లకు అరుగులు లేవు. ముందు ఫోను చేయక వచ్చుట అమర్యాదగా లెక్కింపబడుచున్నది. ఆలుమగలు ఇద్దరును పనులకు పోవు కాలములో ఇందులో న్యాయము లేకపోలేదు. నేను కూడ ఫోను చేసియే పోవుచున్నాను. కాని ఫోను చేసిన నాడు తెరలు మార్చి, బయటినుండి వంటకములు తెప్పించి, ఇంటిలోని వృద్ధులను లోపలి గదిలో కూర్చుండబెట్టుట చూచినప్పుడు, నాకు మా పాత అద్దె యింటి నడవ కనులయెదుట నిలుచును.

ఆ అధికారి మరల మా యింటికి రాలేదు. తరువాత వచ్చినవారు ఎందరో ఉన్నారు. వారందరికి అమ్మయే వండి వడ్డించినది, నేను ఎన్నడును అడ్డు చెప్పలేదు. ఆనాటి సంగతి ఆమెకు గుర్తులేదనుకొని, క్షమింపుమని అడుగలేదు. కాని ఆమె బ్రతికియున్నంత కాలము, ఎవరు వచ్చినను, వంటయింటి గుమ్మములో ఆగి, కట్టుకొనిన చీరను ఒకసారి చూచుకొని, నా ముఖము వంక ఒకసారి చూచి, ఆ తరువాతనే బయటకు వచ్చెడిది.