నెత్తుటి వారసత్వం – బాధ్యత ఎవరిది?

పుట్టుకతో సంక్రమించిన రోగానికి బాధ్యులెవరు అన్న ప్రశ్న కర్మ సిద్ధాంతమంత పాతది. జన్యు పరీక్షలు ఆసుపత్రి ల్యాబుల్లోకి వచ్చాక దానికి కొత్త పదును వచ్చింది. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో బొర్రా గుహల చుట్టూ, అరకు లోయ పొడవునా ఉన్న గిరిజన గూడేలకు ఈ ప్రశ్న సికిల్ సెల్ పరీక్ష రూపంలో చేరింది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్ 40 ఏళ్ల లోపువారిలో 7 కోట్ల మందిని పరీక్షించాలని సంకల్పించింది. జబ్బు నిర్మూలనకు పెట్టుకున్న గడువు 2047. మిషన్ పరిధిలోని 17 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

పరీక్ష చూడ్డానికి చాలా చిన్నది. వేలి కొసన గుచ్చి తీసిన చుక్క రక్తాన్ని ఒక ద్రావణంలో కలిపి, గొట్టం వెనక నల్లగీతల కాగితం పెడతారు. గీతలు కనిపిస్తే సికిల్ హిమోగ్లోబిన్ లేనట్టు. ద్రావణం మసకబారి గీతలు మరుగైతే ఉన్నట్టు. అయితే జబ్బున్నవారెవరో, జబ్బు లేకుండా జన్యువును మోస్తున్న వాహకులెవరో ఈ గొట్టం చెప్పలేదు. అది తేల్చడానికి హెచ్‌పీఎల్‌సీ యంత్రమో ఎలెక్ట్రోఫోరెసిస్సో కావాలి. అసలు లోపం బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం మారడం. దానివల్ల ప్రోటీన్ గొలుసు 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకల్లో, కీళ్లలో భరించలేని నొప్పి పుడుతుంది. లైనస్ పాలింగ్ బృందం 1949లో దీన్ని అణుస్థాయి వ్యాధిగా గుర్తించింది. ఆధునిక పాథాలజీ సూక్ష్మదర్శిని దాటి అణువు దాకా వెళ్లిన తొలి ఘట్టాల్లో అదొకటి.

బిడ్డ నొప్పితో మెలికలు తిరుగుతుంటే తల్లి నోట మొదట వచ్చే మాట ‘ఏ పాపం చేశానో’ అని. ఆ తల్లికి జన్యుశాస్త్రం చేసే మొదటి మేలు ఆ నిందను తీసేయడం. 1954లో ఆంథొనీ అల్లిసన్ ఆఫ్రికాలో చూపినట్టు, ఈ జన్యువు ఒక్క ప్రతి ఉన్నవారికి ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. మలేరియా రాజ్యమేలిన అడవుల్లో తరతరాలుగా అది నిలిచిపోవడానికి కారణం ఇదే. ఇప్పుడు బిడ్డను బాధిస్తున్న అక్షరం ఒకప్పుడు ఆ బిడ్డ పూర్వీకుల్లో ఎందరినో బతికించి ఉంటుంది. ఇందులో పాపానికి చోటెక్కడ?

పాత శాస్త్రాలు కూడా అన్నిటినీ కర్మ ఖాతాలో వేయలేదు. బీజంలో ఏ భాగం చెడితే బిడ్డలో ఆ అవయవం చెడుతుందని చరక సంహిత శారీరస్థానం చెబుతుంది. శుక్రశోణిత దోషాల వల్ల వచ్చేవాటిని సుశ్రుతుడు ఆదిబలప్రవృత్తాలని వేరే వర్గంగా పెట్టాడు. ఆయుర్దాయం దైవం, పురుషకారం రెండింటి మీదా ఆధారపడుతుందని చరక సంహితే విమానస్థానంలో వాదిస్తుంది. అంతా ముందే నిర్ణయమైపోతే వైద్యంతో పనే ఉండదు. సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమేనా అని అడిగితే, బుద్ధుడు పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు మొదలుకొని ఎనిమిది కారణాలు చెప్పాడు. కర్మఫలం వాటిలో ఒకటి మాత్రమే.

జన్యువును కొత్త తలరాతగా భావించడం కూడా పొరపాటే. సికిల్ జన్యువు రెండు ప్రతులున్న ఇద్దరి జీవితాలు ఒకేలా సాగవు. గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువగా మిగిలినవారికి బాధ తక్కువ; భారతదేశంలో తరచుగా కనిపించే రకానికి ఆ అదృష్టం కొంత ఉంది. హైడ్రాక్సీయూరియా మాత్ర చేసే పని కూడా ఆ హిమోగ్లోబిన్‌ను పెంచడమే. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ అనే జన్యు సవరణ చికిత్స అదే దారి పట్టింది. అమెరికాలో దాని ధర 20 లక్షల డాలర్లకు పైమాటే. గూడెంలో మాత్ర అందడమే అన్నిటికన్నా ముఖ్యమైన పురుషకారం.

బాధ్యత రోగి నుంచి వైద్యుడి మీదికి ఎలా మారుతుందో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఇంకా స్పష్టంగా చూపుతుంది. వైవాక్స్ మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. ఈ ఎంజైము లోపం ఉన్నవారిలో అదే మందు ఎర్రకణాలను పగలగొడుతుంది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండడంతో మగవారికి ముప్పు ఎక్కువ. మందు బిళ్ల చేతిలో పెట్టేముందు పరీక్ష చేయడం వైద్యం చేసేవారి ధర్మం.

పెళ్లి దగ్గర చిక్కు ఎక్కువ. ఈ కొండల్లోని వంశాల పేర్లలో కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము; ఒకే వంశం వారు పెళ్లాడరు. మేనరికం మాత్రం ఇష్టమైన సంబంధం. వంశ నియమం అన్నాచెల్లెళ్ల వరసను తప్పిస్తుంది గానీ, మేనత్త ఇంటికీ మేనమామ ఇంటికీ ఒకే తాత నుంచి దిగిన జన్యువును తప్పించలేదు. ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకుడయ్యే అవకాశం 50 శాతం. పరీక్ష ఫలితంతో మిషన్ ఇచ్చే కార్డులను పెళ్లికి ముందు పోల్చి చూసుకోమనడం అందుకే. ఆ కార్డు జంటకు తెలివిడి ఇవ్వాలి గానీ పిల్లను వద్దనడానికి సాకు కాకూడదు. ఇద్దరూ సమానంగా మోసే జన్యువుకు ఆడపిల్ల ఒక్కతే వెల చెల్లించడం అన్యాయం.

చివరి ప్రశ్న పరీక్షకు ఇచ్చిన ఆ రక్తం ఎవరి సొత్తన్నది. ఒకరి జన్యువు చదివితే వారి అన్నదమ్ముల, మేనవారల సంగతి కూడా కొంత బయటపడుతుంది. అమెరికాలోని అరిజోనాలో హవసుపాయి తెగవారు మధుమేహ పరిశోధన కోసమని ఇచ్చిన రక్తాన్ని వేరే అధ్యయనాలకు వాడారు. వివాదం 2010లో పరిహారంతో, మిగిలిన నమూనాలను వెనక్కి ఇవ్వడంతో ముగిసింది. ఉమ్మడి సొత్తు అనే ఈ తర్కం బొర్రాకు కొత్తది కాదు. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గ్రామాల గనుల లీజులపై నడిచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు ఇస్తూ, షెడ్యూల్డ్ ప్రాంత భూమిని ప్రభుత్వం సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని చెప్పింది. తరాలుగా వచ్చింది ఉమ్మడిదన్న భావన భూమికి వర్తించినట్టే నెత్తురుకూ వర్తిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు గిరిజనుల మీద పరిశోధనకు సముదాయ పెద్దలను సంప్రదించాలంటాయి, అయితే వ్యక్తి సమ్మతికి అది బదులు కాదంటాయి. వారి భాష తెలిసినవారు ఉండాలన్నది ఇంకో షరతు. అరకు గూడేల్లో కొందరి ఇంటి భాష కువి, కొందరిది ఆదివాసీ ఒడియా. అక్కడ తెలుగులో చదివి వేలిముద్ర వేయించుకున్న కాగితం సమ్మతి కిందికి రాదు.