కూర్చుండుటకొక పీట

పనివాని మనస్సు పనియందు నిలుచుటకు కావలసిన దేమి? జీతమని కొందరు, భయమని కొందరు చెప్పుదురు. జీతము లేనిదే యిల్లు గడవదు; నిజమే. కాని అదియొక్కటియే చాలునా?

తిరువళ్ళూరు ప్రాంతమున నొక చిన్న బట్టలకొట్టులో నేను చాలకాలము లెక్కలు వ్రాసితిని. బట్టలు చూపు కుర్రవాండ్రు ప్రొద్దుటినుండి రాత్రివరకు నిలువుకాళ్ళమీద నుండవలసినదే. బేరము లేని యొక మధ్యాహ్నమున నొకడు మూటపై చదికిలబడెను. యజమాని యాజ్ఞపై వానికి అరపూట జీతము కోత వ్రాసితిని. వ్రాయునపుడు నేను కుర్చీలోనే యుంటిని! దీపావళికి వానికిని బోనసు ముట్టెను. పండుగ మరునాడు వాడు రాలేదు. ఏలయని యెవ్వరు నడుగలేదు. నాకు తెలియును.

2018లో కేరళమును, 2021లో తమిళనాడును దుకాణముల చట్టమును సవరించి, పనివారికి ఆసనము లమర్చవలెనని శాసించినవి. చట్టము పీట వేయింపగలదు. ‘కాసేపు కూర్చో నాయనా’ యను మాట మాత్రము యజమాని నోటనే రావలెను, గుమాస్తాయైనను అనవచ్చును. నేనానాడు అనలేదు.

మణవాళనగరమున నలుగురికి పని కల్పించు సోదరులకు నా విన్నపమొక్కటే: బోనసు లెక్కించుటకు ముందు కొట్టులోని పీటలను లెక్కింపుడు.