కార్తీక సోమవారం, జిమ్, కటిక ఉపవాసం: ఇందులో తపస్సు ఏది?

పోయిన వీడియోలో కార్తీక సోమవారాల గురించి మాట్లాడుకున్నాం కదా, అందులో పట్టని విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నా.

మా పిన్ని కూతురు రెండేళ్లు బులీమియాతో బాధపడింది. అతిగా తినేయడం, వెంటనే వాంతి చేసుకోవడం. (తను ఒప్పుకున్నాకే రాస్తున్నా.) ట్రీట్‌మెంట్‌తో వాంతులు ఆగాయి, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ ఇప్పుడు రోజుకి రెండుసార్లు జిమ్. వాచ్‌లో స్టెప్స్ పూర్తి కాకపోతే రాత్రి పదకొండింటికి హాల్లో అటూ ఇటూ నడుస్తుంది. దానికి తోడు ఈసారి సోమవారాలన్నీ కటిక ఉపవాసమట. "అన్నయ్యా, ఇది తపస్సే కదా?" అంది.

కాదమ్మా అన్నాను.

గీత 2వ అధ్యాయం 59వ శ్లోకం చూడండి. తిండి మానేసినవాడికి విషయాలు దూరమవుతాయి గానీ, వాటి మీద రుచి మాత్రం లోపలే మిగిలిపోతుందని అక్కడి భావం. ఇదేదో వేదాంతం అనుకోకండి. 1944-45లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకి 6 నెలలు అర్ధాకలి తిండి పెట్టి చూశారు. యుద్ధం చేయడం తప్పని నమ్మి, ఆయుధం పట్టమని చెప్పి, దీనికి తమంతట తామే వచ్చినవాళ్లు వాళ్లు. అంత పట్టుదల ఉన్నవాళ్లు కూడా తిండి గురించే కలలు కన్నారు, వంటల పుస్తకాలు పోగేశారు, పొద్దస్తమానం గమ్ నమిలారు. కాఫీ రోజుకి 9 కప్పులు దాటొద్దని రూల్ పెట్టాల్సి వచ్చింది! మళ్లీ కడుపునిండా పెట్టాక కూడా కొందరికి ఆకలి తీరలేదు. ఇందులో విల్‌పవర్ లోపం ఎక్కడుంది చెప్పండి?

అందుకే "నాకు తిండి వ్యసనం, మానేస్తే పోతుంది" అనే లెక్క ఇక్కడ పనిచేయదు. మందు పూర్తిగా మానేయొచ్చు, అన్నం మానలేం. మానేకొద్దీ అతిగా తినే ఊపు పెరుగుతుంది. బులీమియా ట్రీట్‌మెంట్‌లో మొదట నేర్పేదే వేళకి తినడం. వాంతి స్థానంలో జిమ్ వస్తే అది మా భాషలో ఎర్రర్ మెసేజ్ దాచేయడం. బగ్ అలాగే ఉంది.

6వ అధ్యాయం 17వ శ్లోకంలో కృష్ణుడు తిండి ఒక్కటే తగినంత ఉండాలనలేదు. విహారం, పని, నిద్ర కూడా కలిపాడు. అంటే ట్రెడ్‌మిల్ కూడా అందులోనే ఉంది. 17వ అధ్యాయంలో ఇంకా గట్టిగా చెప్పాడు: శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో ఒంటిని కృశింపజేసేవాళ్లు లోపలున్న తననే హింసిస్తున్నారని. మన పెద్దలు కూడా రోగులకీ, పిల్లలకీ, గర్భిణులకీ ఉపవాసం నుంచి మినహాయింపు ఇచ్చారు. తినే జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లూ రోగులే, బయటికి కనిపించకపోయినా.

తనకి చెప్పింది ఇదే: జిమ్ సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పు. సోమవారం టిఫిన్, భోజనం వేళకి తిను. సాయంత్రం శివాలయంలో దీపం పెట్టు. ప్రదక్షిణలు మూడు చాలు, వాచ్ ఇంట్లో పెట్టి వెళ్లు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. 17వ అధ్యాయం వీడియో వచ్చే సోమవారం పెడతాను.