మేఘియుడు ఎవరి దగ్గరికి తిరిగొచ్చాడు?

 



ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం మీ వాడ ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మంచి మార్కులొచ్చిన పిల్లకు విహారంలో శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం. మంచిదే. మరి తప్పిన పిల్లవాడు ఆ రోజు ఎక్కడున్నాడు? తలుపేసుకుని ఇంట్లో ఉన్నాడా, చెరువు గట్టున ఒక్కడే కూర్చున్నాడా? చాలాసార్లు మనకు పట్టదు. ఫలితాల తర్వాత పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు మాత్రం చదువుతూనే ఉన్నాం.

ఉదాన గ్రంథంలో మేఘియుడి కథ ఉంది. భగవానుడు చాలికలో ఉన్నప్పుడు మేఘియుడు ఆయనకు పరిచర్య చేసేవాడు. ఒకనాడు భిక్షకు వెళ్లొస్తూ నది ఒడ్డున చక్కని మామిడి తోపు చూశాడు. అక్కడ ఒంటరిగా ధ్యానం చేసుకుంటానని అడిగాడు. ఇంకో భిక్షువు వచ్చేదాకా ఆగమన్నాడు భగవానుడు. మేఘియుడు ఆగలేదు. మూడుసార్లు అడిగి వెళ్లిపోయాడు. తీరా కూర్చున్నాక మనసు నిండా కామం, ద్వేషం, హింస తాలూకు ఆలోచనలే. తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

'ముందే చెప్పానా లేదా' అని భగవానుడు అనలేదు. మనమైతే మొదట అనే మాట అదే! పండని మనసు పండటానికి ఐదు కావాలన్నాడు. మొదటిది కళ్యాణమిత్రుడు. శీలం, ధమ్మ సంభాషణ, ప్రయత్నం, ప్రజ్ఞ ఆ తర్వాతే. కళ్యాణమిత్రుడు దొరికితే మిగతా నాలుగూ వస్తాయన్నాడు. ఈ వరస గమనించండి. శీలం గురించి, కష్టపడటం గురించి పిల్లలకు గంటలకొద్దీ చెప్తాం. మొదట ఉండాల్సిన మనిషినే ఇవ్వం.

బాబాసాహెబ్‌కు ఆ మనిషి దొరికాడు. ఆయన ఇంగ్లీషు నాలుగో తరగతి పాసైనప్పుడు మనవాళ్లు అభినందన సభ పెట్టాలనుకున్నారు. మిగతా కులాల్లో అదేమంత లెక్కలోకొచ్చే చదువు కాదు. కానీ మనలో అంతదాకా వెళ్లిన మొదటి కుర్రాడు ఆయనే. పొగిడితే పిల్లవాడి తలకెక్కుతుందని తండ్రి ఒప్పుకోలేదు. మనవాళ్లు ఊరుకోలేదు. ఆయన స్నేహితుడు దాదా కేలూస్కర్ దగ్గరికెళ్లారు. ఆయన నచ్చజెప్పారు, సభ జరిగింది. ఆ సభలోనే కేలూస్కర్ తాను రాసిన బుద్ధ చరిత్రను ఆ కుర్రాడి చేతిలో పెట్టారు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' కోసం 1956లో రాసుకున్న ముందుమాటలో బాబాసాహెబే ఈ సంగతి చెప్పారు. అదే ఏడాది అక్టోబరు 14న నాగపూర్‌లో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. ఆ సభ కోసం పట్టుబట్టిన పెద్దలను కూడా గుర్తుంచుకోండి.

మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో పెట్టిన సంఘం పేరు జగన్మిత్ర మండలి. ఆ పేరులోనే మిత్రుడున్నాడు చూడండి.

ఇప్పుడు మన విహారం సంగతి. కుర్చీలు వేయడానికి, మైకు సర్దడానికి కుర్రాళ్లను పిలుస్తాం. త్రిసరణ, పంచశీల చెప్పించమని పిలవం. చందా లెక్కల పుస్తకం పదిహేడేళ్ల అమ్మాయికి ఇచ్చి చూడండి. తప్పులు రాస్తుంది. రాయనివ్వండి. పక్కన కూర్చుని దిద్దండి. నలుగురిలో లెక్క చదివి వినిపించిన పిల్ల రేపు ఆఫీసులో ఎవరి ముందూ తడబడదు.

ఇక ఆ తప్పిన పిల్లవాడు. ఆదివారం వందన దాకా ఆగకండి, సప్లిమెంటరీ ఫీజు గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఇద్దరు వెళ్లండి: ఒక పెద్దాయన, ఒకసారి తప్పి మళ్లీ పాసైన అన్న ఒకడు. మార్కుల ఊసెత్తొద్దు. వాళ్లమ్మ ఇచ్చిన టీ తాగండి. డబ్బు ఇబ్బందైతే విహారం హుండీలోంచి ఫీజు కట్టండి. తప్పింది లెక్కల్లో అయితే సాయంత్రం గంటసేపు చెప్పగలవాళ్లు వాడలో ఎవరున్నారో అక్కడే అనుకోండి. వాడు నోరు విప్పకపోవచ్చు. మూడు రోజులాగి మళ్లీ వెళ్లండి.