యోనాకు నీడనిచ్చిన మొక్క

ధ్యాన భాగము: యోనా 4వ అధ్యాయము



నీనెవెకు తూర్పున పందిలి వేసికొని కూర్చున్న యోనాకు ఒక్క రాత్రిలో పెరిగి నీడనిచ్చిన మొక్కను మన తెలుగు బైబిలు సొరచెట్టు అనుచున్నది. పూర్వము లాటిను బైబిలులో దానికి మరియొక పేరు పెట్టగా, ఒక సంఘములో పెద్ద అల్లరి పుట్టెను.

బేత్లెహేములో నివసించిన జెరోము అను పండితుడు హెబ్రీ నుండి లాటినులోనికి తర్జుమా చేయుచు, ఈ మొక్కను ‘హెడెరా’ అని వ్రాసెను. ఇంగ్లీషువారు ఐవీ అను తీగె ఇదే. ఐరోపాలో పాత గోడలను, పెద్ద మ్రానులను కప్పుకొని, చలికాలమందును పచ్చగా నుండును. ఇది చిక్కుడు తీగెవలె కర్రకు చుట్టుకొనదు. తమలపాకు తీగె అవిసె చెట్టును పట్టుకొనునట్లు, కాడనుండి చిన్న వేళ్లు పుట్టించి, అంటుకొని ప్రాకును. పట్టుకొనుట అను అర్థము ఆ పేరులోనే యున్నదని కొందరు పండితులందురు. అట్లని అది బదనిక కాదు. చెట్టు రసమును త్రాగక, నేలలోని తన వేళ్లతోనే నీరు తీసికొనును.

ఆఫ్రికాలోని ఓయా పట్టణములో (నేటి లిబియాలోని త్రిపోలి) బిషపుగారు ఈ క్రొత్త తర్జుమాను ఆరాధనలో చదివించిరి. తాతల నాటినుండి చెవులకు అలవాటైన సొర మాట పోయి ఐవీ మాట వినబడగానే జనులు కేకలు వేసిరి. విశేషముగా గ్రీకువారు తప్పు తప్పు అనిరి. సంఘమంతయు తన్ను విడిచిపోవునని బిషపుగారు భయపడి, పాత మాటనే మరల పెట్టవలసి వచ్చెను. అగస్టీను 403లో జెరోముకు వ్రాసిన ఉత్తరములో ఈ సంగతి యున్నది.

జెరోము ఇచ్చిన జవాబు వినదగినది. హెబ్రీలో ఆ మొక్క పేరు కికాయోను. వెడల్పైన ఆకులు గలిగి, కర్ర ఊత లేకయే తన కాడమీద నిలుచును. దానికి లాటినులో సరియైన పేరు లేనందున, తనకు ముందటి గ్రీకు అనువాదకులలో కొందరు వ్రాసినట్లు ఐవీ అని వ్రాసెనట! అది ఆముదపు చెట్టని నేడు అనేక పండితుల తలంపు. మన చేల గట్లమీద మొలచు ఆముదమే. అట్లయిన సొర అన్నవారిదిగాని, ఐవీ అన్నవారిదిగాని సరియైన పేరు కాదు.

పేరు సరిగా తెలిసికొనుట మంచిదే. జెరోము పడిన ప్రయాసను నేను తక్కువ చేయను. అయితే వారు ఏ అధ్యాయము చదువుచు పోట్లాడుకొనిరో చూడుడి! పురుగు తొలిచి మొక్క వాడిపోగా యోనాకు చావవలెనన్నంత కోపము వచ్చెను. నీనెవె నశించినను అతనికి చింత లేదు. మనలోను కీర్తనలో ఒక మాట మార్చినందుకు రెండు జట్లుగా కూర్చుండి, వెనుక వీధిలో జ్వరముతో పడియున్న విధవరాలి యింటికి ఏ జట్టువారును వెళ్లకుండుట కలదు.

యోనా తాను నాటని, తాను నీళ్లు పోయని మొక్కకొరకు దుఃఖించెను. దేవుడు అతని దుఃఖమును గద్దింపక, దానినే చూపి యొక ప్రశ్న వేసెను. కుడియెడమలు ఎరుగని లక్ష యిరువదివేలమందిని మించిన జనముగల పట్టణముమీద తాను జాలిపడకూడదా యని అడిగెను. అక్కడి పశువులను సహితము ఆయన మరువలేదు. యోనా యేమి ఉత్తరమిచ్చెనో గ్రంథములో వ్రాయబడలేదు.